వెనక పేజీ చదవకుండా వేసిన మార్కులు

రెండేళ్ల కిందటి మాట. బోధన్‌లో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతున్నాను. ఫైనలియర్‌కు ఏటా ఒక అభ్యాసం ఇచ్చేవాణ్ణి. మీరే విదేశాంగ కార్యదర్శి, నాలుగు దేశాల వైపు నుంచి ఒకేసారి ప్రమాదం వచ్చింది, ముందు దేన్ని పట్టించుకుంటారో వరుసగా రాయండి. దీన్ని థ్రెట్ అసెస్‌మెంట్ అంటాం, అంటే ముప్పు అంచనా. నా పట్టికలో రెండే కాలమ్‌లు: శత్రువు బలమెంత, మన సరిహద్దుకు ఎంత దగ్గర.

నవీపేట్ నుంచి వచ్చే శ్రావణి అన్నిటికంటే పైన గల్ఫ్‌లోని ఒక చిన్న దేశాన్ని రాసింది. దాని పొరుగున యుద్ధ వాతావరణం ఉంది. ఆమె తండ్రి నర్సయ్య అక్కడ డ్రైవరు.

"గిది విదేశాంగ విధానం కాదు బిడ్డా, మీ ఇంటి రంది, బెంగ," అన్నాను. క్లాసంతా నవ్వింది. పదికి మూడు వేశాను.

బెల్లు కొట్టాక ఆమె వరండాలో ఆపింది.

"సార్, బాపుకు లీవు దొరికింది. గురువారం వస్తనంటుండు. ఇప్పుడొస్తే వరి కోతలకు మళ్ల ఇయ్యరట. రమ్మనాల్నా, ఆగుమనాల్నా? మీ సారునడుగు అన్నడు."

తెలియదని చెప్పాల్సింది. "ఆ దేశానికి ఎవరితోని పగ లేదు. ఏం గాదు, ఆగుమను," అన్నాను.

శనివారం అక్కడ విమానాలు ఆగిపోయాయి. పగ లేని మాట నిజమే. క్షిపణులు మాత్రం దాని మీదుగానే ఎగిరాయి.

ఆ సాయంత్రం ఆమె పేపరు మళ్లీ తీశాను. వెనక పేజీలో కారణం రాసి ఉంది. నేను తిప్పి చూడనేలేదు. 'సరిహద్దులో సైన్యం ఉంది, కొంతకాలం ఆపగలదు. గల్ఫ్‌లో మన సైన్యం లేదు, మనవాళ్లున్నారు. దారి మూసుకుంటే తెరవడం మన చేతిలో ఉండదు. అందుకే ముందు ఇది.'

సోమవారం క్లాసులో అది చదివి వినిపించి, తప్పు నాదేనని చెప్పాను. మార్కులు మారుస్తానన్నాను.

"మార్కులు ఉండనీ సార్," అంది శ్రావణి. "బాపును తెప్పియ్యుండ్రి."

తెప్పించడం నా వల్ల అయ్యే పని కాదు. ఆమెతో కలెక్టరేట్‌కు వెళ్లి, నర్సయ్యతో పాటు అతను ఉండే లేబర్ క్యాంపులోని మన జిల్లా వాళ్లందరి పేర్లూ రాసిచ్చి వచ్చాను. విమానాలు ఆగిన పందొమ్మిదో రోజు అతను ఇల్లు చేరాడు. మరో వారానికి కాలేజీకొచ్చాడు.

"నువ్వేనా సార్, ఆగుమన్నది?"

"నేనే. తప్పు జెప్పిన."

అతను క్లాసు గోడమీది ప్రపంచ పటం వైపు తిరిగి, ముప్పు వచ్చే దిక్కులకు మేం గీసిన ఎర్ర గీతల్ని చూశాడు. "మంచిగనే గీసిండ్రు. గీ పటంల మేమేడున్నం సార్?"

ఇప్పుడు నా పట్టికలో మూడో కాలమ్ ఉంది: అక్కడ మనవాళ్లెవరు, దారి మూసుకునేలోపు ఎంత గడువుంది. ముందుగా నింపించేది దాన్నే. అది నింపాక పిల్లల వరుసలు మారిపోతుంటాయి, చాలాసార్లు నా వరుస కంటే మెరుగ్గా ఉంటాయి. మార్కులు మాత్రం వెనక పేజీ తిప్పాకే వేస్తున్నాను.