టీవీ నిండా బర్రె పళ్లు

మా ఆయన సంవత్సరీకానికి ముందు నా పాత ఫోను పాడైపోయేలా ఉంటే మార్చాల్సి వచ్చింది. "ఫొటోలన్నీ ఈ పెన్‌డ్రైవ్‌లో పట్టవు అత్తా, ఏవి ఎక్కించమంటావు?" అంది కోడలు.

"మీ మావయ్యవి ఎక్కించు. బర్రెను అమ్మేటప్పుడు కొనేవాళ్లకు పంపడానికి తీసినవి వదిలెయ్యి" అన్నాను.

తను టిక్కులు తారుమారుగా పెట్టి, పాత ఫోను మొత్తం తుడిచేసింది. సంవత్సరీకం నాడు బంధువుల ముందు ఆ ఫొటోలు టీవీలో పెడితే అన్నీ బర్రె పళ్లూ, పొదుగూ!

"ఏందక్కా, బావ ఇట్టా అయ్యాడు?" అని మా చెల్లెలు పకపకా నవ్వింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఇంతలో ఒక ఫొటోలో, పళ్లు కనబడేలా బర్రె నోరు తెరిచి పట్టుకుని నవ్వుతూ ఆయన కనిపించాడు. ఆయనది మిగిలింది అదొక్కటే. ఆయన అంత హాయిగా నవ్విన ఫొటో ఇంకోటి ఎప్పుడూ లేదు. పెద్దది చేయించి దండ వేశాను.

ఇంటికొచ్చిన వాళ్లంతా "అయ్యో, బర్రె గూడా పోయిందా?" అంటున్నారు.