నా తపసి బంక కల్తీది కాదని కరీంనగర్ పోయి తేల్చుకున్న

నాకు సదువు రాదు. నేను చెప్తుంటే మనుమరాలు రాస్తున్నది. నా మాటల కల్తీ కలపొద్దని ముందే చెప్పిన. మాది బోథ్ దగ్గర పల్లె. నలభై ఏండ్ల సంది తపసి చెట్లకు గాటు పెట్టి బంక తీస్తున్న. మొన్న ఎండకాలం కరీంనగర్ల ఒక కాలేజోళ్ళు పరీక్షకని కిలో బంక అడిగితే పంపిన. వారం తిరగకముందే "కల్తీ ఉన్నది, వద్దు" అని జవాబొచ్చింది. గా మాట ఊర్ల పడితే నాదే గాదు, నాతోని అడవికొచ్చే ఎనిమిది మంది ఆడోళ్ళ బంక గూడ ఎవ్వడు ముట్టడు. మొకం మీదనే అడుగుదామని బయలెల్లిన.

పొద్దున ఆరింటికి బోథ్ల బస్సెక్కితే ఎనిమిదికి నిర్మల్. అక్కడ మారి, జగిత్యాల మీదికెల్లి పన్నెండున్నరకు కరీంనగర్. ఆడోళ్ళకు టికెట్ పైసల్లేవు గని ఆధార్ కార్డు మరువొద్దు. కొంగుల కొత్త బంకబిళ్ళ కట్టుకున్న. తపసి బంక పులుపు వాసన కొడ్తది. కండక్టర్ ముక్కు ఎగబీల్చి, "అవ్వా, మామిడి తొక్కేమన్న కారుతున్నదా?" అన్నడు. "నీ బస్సుకే నూనె కారుతున్నది, జర గది సూస్కో" అన్న. మల్ల నా దిక్కు రాలే. బస్టాండ్ కాడ ఆటో ఆయన కాలేజీకి వంద అడిగితే అరవైకి తెచ్చిన. మీరు డెబ్బైకి ఒప్పుకోండ్రి, నా నోరు అందరికుండదు.

బంకను పరీక్ష చేసే గదిల ఒక పడుచు మేడం ఉన్నది. కుర్చీ గుంజుకొని కూసొని, "బోథ్ బంక నాదే. ఏది బిడ్డా కల్తీ?" అన్న.

"కోపం చెయ్యకు అవ్వా. గింజలు నూరిన రసంల వంద రకాల పదార్థాలుంటయి. మాకు కావాల్సిన ఒక్కదాన్నే బంక పట్టుకొని బుడ్డి అడుగుకు దిగాలె. మీ బంక దేన్నీ పట్టలే."

"నా బంక పట్టకపోవుడా? చీరకంటితే చీర చినగాలె గని అది ఊడదు!" కొంగు విప్పి బిళ్ళ చేతుల పెట్టిన. "దీంతోని చెయ్యి."

నానబోసింది, వడగట్టింది, రసం కలిపింది. మూడున్నరకు గాజు బుడ్డి అడుగున తెల్లగ పేరుకున్నది. "పట్టింది అవ్వా!" అని మేడమే ఎగిరింది.

"మరి పట్టుకున్నదాన్ని ఎట్ల విడిపిస్తవ్?"

"చక్కెర నీళ్ళు పోస్తే విడుస్తది. చక్కెర ముందే ఉంటే అసలు పట్టదు."

అప్పుడు నేను బంక పంపిన సంచి యాదికొచ్చింది. పెద్ద సదువులోళ్ళకు పోతున్నదని, గోనెసంచి మర్యాద గాదని, కిరాణా కొట్టుల అడిగి తెల్లటి చక్కెర సంచి తెచ్చి అండ్ల పోసి పంపింది నేనే. దులిపిన గూడ.

"తప్పు బంకది గాదు బిడ్డా, సంచిది."

"సంచి ఎవరిది?"

"ముందు మంచి బంకని కాయితం రాయి. తర్వాత చెప్త."

ఇన్నేండ్లు బంకను గుంజుడే గని, అది దేన్ని పట్టుకుంటదో, దేనికి విడుస్తదో ఎన్నడు అడగలే. ఎంత మొండిదైనా తీపికి లొంగుతదంట. మీరు బంక పంపితే ఉతికి ఎండేసిన నూలు బట్టల కట్టి పంపుండ్రి. నాకు మేడం రెండు చెంచాల చక్కెరేసి చాయ్ పోసింది. తాగిన. కాయితం చేతికొచ్చేదాక కుర్చీ మాత్రం విడువలే.