పుంజు ఈక షటిల్

మా అక్క వరుసగా ఐదేళ్లు జిల్లా మహిళల బ్యాడ్మింటన్ ఛాంపియన్. ఇది విని ఎవరైనా లేచి నిలబడే ముందు ఒక మాట చెప్పాలి. సంగారెడ్డిలో జరిగే ఆ పోటీలకు వచ్చేది ఐదుగురు. అందులో ఒకావిడ అంపైర్ గారి భార్య. ఆయనకు క్యారేజీ తెచ్చి, ఎలాగూ వచ్చాను కదా అని పేరిచ్చేది. అయినా అక్క నిజంగానే బాగా ఆడేది. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. రోజూ ఆమె చేతిలో ఓడేది నేనే.

అరవైల్లో పటాన్‌చెరు దగ్గర ప్రభుత్వ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి టర్నర్‌గా చేరాడు. కాలనీలో క్లబ్బు, క్లబ్బులో రేకుల కప్పు కింద బ్యాడ్మింటన్ కోర్టు ఉండేవి. ఆడవాళ్ల టైము మధ్యాహ్నం రెండు నుంచి మూడు. ఎండాకాలం ఆ గంటలో అక్కడ కనిపించేది మేమిద్దరు అక్కాచెల్లెళ్లమే. మిగతా ఆడవాళ్లకు బుద్ధుంది.

కొత్త షటిళ్లు క్లబ్బు సెక్రటరీ గారి బీరువాలో ఉండేవి. సాయంత్రం ఆఫీసర్లు వాటితో ఆడి, ఈకలు విరిగాక ఒక బిస్కెట్ డబ్బాలో పడేసేవారు. ఆ డబ్బా మాది. విరిగిన ఈక పీకి, ఆ చోట కోడి ఈక గుచ్చి, జిగురు రాసి, దారంతో నాలుగు చుట్లు చుట్టడం నా పని. కోడి ఈకలు క్లబ్బు వాచ్‌మన్ తెచ్చేవాడు. ఆయనది పక్క ఊరే. పొలం ఫ్యాక్టరీ కిందకు పోతే ఈ ఉద్యోగం ఇచ్చారు.

"చిన్నబిడ్డా, మా పుంజు తోక మొత్తం మీ అక్క ఆటకే పాయె. ఇగ అది సిగ్గుతోని బయటికే వస్తలేదు," అనేవాడు.

"అక్క గెలిచిన కప్పు మీద దాని పేరు కూడా చెక్కిస్తాంలే తాతా," అనేదాన్ని.

నేను బాగుచేసిన షటిల్ కల్లు తాగినవాడిలా ఊగుతూ వెళ్లి, వెళ్లాల్సిన చోటికి చేరకముందే కూలబడేది. దాన్ని వెనక గీత దాకా పంపాలంటే ఒంట్లో బలమంతా పెట్టి బాదాలి. అక్క బాదేది. ఏళ్ల తరబడి బాది, ఆ బరువుకు చేయి కుదుర్చుకుంది. జిల్లా పోటీలకు షటిళ్లు పంపేది కూడా మా క్లబ్బే. ఏ డబ్బాలోంచి పంపేవారో చెప్పనక్కర్లేదు.

మూడో కప్పు వచ్చాక నాన్న అక్కను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్లాడు. రాష్ట్ర పోటీల్లో సెమీఫైనల్ దాకా వస్తే ఆటల కోటాలో టైపిస్టుగా తీసుకుంటామన్నారు. వయసు పాతిక దాటకూడదన్నారు. అక్కకు అప్పటికి ఇరవై నాలుగు. పీయూసీ రెండుసార్లు తప్పిన మనిషికి ఆ గేటు దాటడానికి వేరే దారి లేదు.

హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీలు, మొదటి రౌండు. అంపైర్ కొత్త గొట్టం మూత తీసి తెల్లటి షటిల్ ఒకటి అక్క చేతిలో పెట్టాడు. అక్క నా వైపు చూసింది.

"ఏంటే ఇది, చేతిలో ఏమీ లేనట్టుంది!"

"ఖరీదైనవి అలాగే ఉంటాయేమో," అన్నాను.

కొట్టింది. షటిల్ అవతలి అమ్మాయి తల మీదుగా, గీత మీదుగా వెళ్లి, బెంచీ మీద ఎవరిదో టిఫిన్ డబ్బాకు తగిలింది.

"అక్కా, సికింద్రాబాద్ అటు కాదు!" అని అరిచాను. అక్క కూడా నవ్వింది.

తర్వాతదీ బయటే పడింది. ఆ తర్వాతదీ అంతే. భయపడి మెల్లగా కొడితే కోర్టు మధ్యలో లేచేది. అవతలి అమ్మాయి బబుల్‌గమ్ నములుతూ దాన్ని నేలకేసి కొట్టేది. పదకొండు-రెండు. విరామంలో అక్క నా సంచిలోంచి మా షటిల్ ఒకటి తీసి అంపైర్ దగ్గరకు వెళ్లింది.

"దీంతో ఆడొచ్చాండీ?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఏ పక్షి అమ్మా?"

"పుంజండీ."

హాలంతా నవ్వింది. రెండో ఆట పదకొండు-ఒకటి.

తిరిగొచ్చాక అక్క సెక్రటరీ గారి దగ్గరకు వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను.

"సర్, ఇంకో ఏడాది టైముంది. ప్రాక్టీసుకు కొత్త షటిళ్లు ఇప్పించండి."

"కొత్తవి రాష్ట్ర స్థాయి వాళ్లకేనమ్మా. నువ్వు మొదటి రౌండులోనే ఓడిపోయావుగా? ముందు గెలిచి రా, ఇద్దాం."

ఆయన చెడ్డవాడేం కాదు. మాకు చెరో కప్పు టీ కూడా తెప్పించాడు.

నాన్న సికింద్రాబాద్ వెళ్లి మూడు కొత్తవి కొనుక్కొచ్చాడు. నాలుగు రోజుల్లో ఈకలు విరిగాయి. మళ్లీ బిస్కెట్ డబ్బా, జిగురు, నేను. ఆ నాలుగు రోజుల పుణ్యమా అని అక్క చేతికి కొత్తవీ కుదరలేదు, పాతవాటి కుదురూ పోయింది. అది తిరిగి రావడానికి నెల పట్టింది. నాలుగో కప్పు గెలిచి మళ్లీ హైదరాబాద్ వెళ్లింది. మళ్లీ మొదటి రౌండే. ఈసారి ఐదు పాయింట్లు వచ్చాయి. అభివృద్ధి లేదని ఎవరూ అనలేరు. ఆ నెలలోనే ఆమెకు పాతిక నిండింది. టైపిస్టు ఉద్యోగం ఫుట్‌బాల్ ఆడే ఒకాయనకు ఇచ్చారు. ఆయన రెండు వేళ్లతో టైపు చేస్తాడని విన్నాం.

ఆ తర్వాత కూడా అక్క సంగారెడ్డి వెళ్లింది. ఎందుకని అడిగితే, "పేరు ఇచ్చేశాను కదే," అంది. ఫైనల్లో అంపైర్ గారి భార్యను ఓడించి ఐదో కప్పు తీసుకుంది. ఫోటోకు బాగానే నవ్వింది. బస్సెక్కి కూర్చున్నాక, కప్పు ఒళ్లో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో రెండుసార్లు ఓడినప్పుడు కూడా ఏడవని మనిషి.

కండక్టర్ మా సీటు దగ్గర ఆగాడు. "ఏందమ్మా, గంత పెద్ద కప్పు గెలిస్తివి, ఏడుస్తున్నవేంది?"

"ఓడిపోయిందండీ," అన్నాను.

ఆయన కప్పును చూశాడు, నన్ను చూశాడు. రెండు టికెట్లు చింపి నా చేతిలో పెట్టి వెనక సీటుకు వెళ్లిపోయాడు.