సుగుణమ్మగారి రెండో ఉర్లగడ్డ

ఈ ఉదయం మా ఇంట్లో పూరీల కూరకి బంగాళాదుంపలు ఉడికించారు. గిన్నె మూత తీయగానే మట్టివాసన కలిసిన వేడి ఆవిరి ముందుగది దాకా వచ్చింది. ఇరవై ఏళ్ళ పైమాటే అయినా, ఆ వాసన తగిలితే నాకు ఆకలికన్నా ముందు సిగ్గు వేస్తుంది. అదెందుకో చెప్పాలంటే సుగుణమ్మగారి గురించి చెప్పాలి.

యాభైల మధ్యలో, మద్రాసు చాకలిపేటలోని ఒక తెలుగు బడిలో నేను తాత్కాలిక ఉపాధ్యాయుడిగా చేరాను. చదివింది చరిత్ర. అయినా సైన్సు గదిలో సాయానికి మనిషి లేడని నన్ను సుగుణమ్మగారికి అప్పగించారు. ఆవిడకు నలభై దాటాయి. మూడు తరాలుగా మద్రాసులో ఉన్న కుటుంబమే గాని, మాట మాత్రం నెల్లూరుది. మొదటిరోజే నన్ను ఎగాదిగా చూసి, "చరిత్రా? మంచిదే అబ్బయ్యా. రాజులు ఎట్ట పోయినారో నీకు తెలుసు. నీళ్ళు ఎట్ట పోతాయో నేను చెప్తా" అన్నారు.

విసరణ పాఠం నాడు ఆవిడ బల్ల మీద సాంబ్రాణి ముట్టించి, వాసన అందినవాళ్ళను చెయ్యెత్తమన్నారు. ముందు బెంచీ నుంచి వెనక్కి ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. చివర ఒకడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏంరా, నీ దగ్గరికి రానంటాండాదా?"

"జలుబు టీచర్."

"సరి సరి, నీ ముక్కు రేపటి పాఠానికి పనికొస్తాది. అడ్డం ఉంటే ఏమైతాదో రేపు చూస్తాం."

మర్నాడు ద్రవాభిసరణ. ఆరుగురు పిల్లలను గది మధ్యలో చేతులు పట్టుకుని అడ్డంగా నిలబెట్టారు. వాళ్ళు పొర. చిన్నపిల్లలు నీళ్ళు, లావుపాటివాళ్ళు చక్కెర. నన్ను కూడా చక్కెరలో నిలబెట్టారు. నీళ్ళు చేతుల కింద దూరి మా వైపు వచ్చి పడుతుంటే, మేము కదలడానికి వీల్లేక గోడకి అతుక్కుపోయాం. గదంతా గోల. ఆ గోలలోనే ఆవిడ చెప్పారు: "సాంబ్రాణికి కాపలా లేదు. ఎక్కువుండే చోటు నుంచి తక్కువుండే చోటికి ఇష్టమొచ్చినట్టు పోయింది. అది విసరణ. ఈడ కాపలా ఉండాది. చక్కెరని ఆపుతాది, నీళ్ళని వదుల్తాది. అందుకని నీళ్ళు చక్కెర దిక్కుకి చేరతాయి. ఇది ద్రవాభిసరణ. తెలిసిందా చరిత్ర సారూ?" పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వారంలోనే తనిఖీ. ప్రధానోపాధ్యాయిని పదవి ఖాళీగా ఉంది. అది సుగుణమ్మగారికే వస్తుందని అందరం అనుకుంటున్నాం. తనిఖీ అధికారి రాసే మాట మీదే అది ఆధారపడి ఉంది. నా ఉద్యోగం ఖాయం కావడమూ ఆయన చేతిలోనే ఉంది.

ముందురోజు సాయంత్రం ఆవిడ రెండు ఉర్లగడ్డల్లో, అంటే బంగాళాదుంపల్లో, గుంట తొలిచి, చక్కెర పాకం పోసి, పాకం ఎంతవరకు ఉందో గుండుసూదులతో గుర్తుపెట్టి, నీళ్ళ పళ్ళేల్లో నిలబెట్టి వెళ్ళారు. నేను అప్పుడు హాజరు పట్టీలు సర్దుతూ, ఆవిడ చేసేది సరిగ్గా గమనించలేదు. పొద్దున గది తెరిచి చూస్తే ఒకదాంట్లో పాకం సూది దాటి పైకి వచ్చింది. రెండోదాంట్లో ఏమీ పెరగలేదు. పైగా కాస్త దిగింది కూడా. అయ్యో, ఇది పాడైంది, పెద్దాయన ముందు టీచరమ్మ పరువు పోతుందే అనుకుని, కూజాలో నీళ్ళు తెచ్చి రెండోదాన్ని మొదటిదానికి సమానంగా నింపాను. మంచిపని చేశానని ఈల వేసుకుంటూ తలుపు వేశాను.

ఆ రెండోది ఉడికించిన దుంప. దాంట్లో పెరగకపోవడమే పాఠం.

అధికారి కూర్చున్నారు. సుగుణమ్మగారు ఉత్సాహంగా, "పచ్చిదాంట్లో కాపలా బతికే ఉండాది. ఉడికినదాంట్లో కాపలా సచ్చిపోయింది. చూసి చెప్పండి, దేంట్లో నీళ్ళెక్కినాయి?" అని అడిగారు. "రెండిట్లో టీచర్!" అని తరగతంతా అరిచింది. ఆవిడ వంగి చూశారు. తల ఎత్తి, "అయితే ఎట్టైంది? మీరే కనిపెట్టండి" అన్నారు. ఒక పిల్ల ఉడికినదాని కింద పళ్ళెంలో వేలు ముంచి నాకి, "ఇది తియ్యగుండాది టీచర్! చక్కెర బయటికి వచ్చేసింది. ఇంక నీళ్ళెందుకు ఎక్కుతాయి? ఎవరో పోసినారు!" అంది.

"భేష్" అన్నారు సుగుణమ్మగారు. నిజంగా సంతోషించారు. అధికారి మాత్రం నవ్వుతూ, "తనిఖీ కోసం ముస్తాబు బాగానే చేశారమ్మా. ఏ దుంపను ముస్తాబు చేయాలో చూసుకోలేదు, అంతే" అన్నారు. నలభై మంది పిల్లలు ఆవిడవైపు తిరిగారు. నేను వెనక గోడ దగ్గర హాజరు పట్టీ పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు.

పదవి వేరొకరికి వెళ్ళింది. నా ఉద్యోగం ఖాయమైంది. ప్రయోగాన్ని దొంగతనంగా దిద్దిన టీచరని ఆవిడకి బడిలో ఒక పేరు మిగిలిపోయింది. ఆవిడ మాత్రం మరుసటి వారం మళ్ళీ రెండు దుంపలు తెచ్చి, అదే తరగతికి అదే పాఠం నవ్వుతూ చెప్పారు.

నాలుగేళ్ళకి, ఆవిడ వేరే బడికి మారేటప్పుడు, ఇంటికి వెళ్ళి నిజం చెప్పాను. ఆవిడ కాఫీ చల్లార్చుతూనే, "ఆ పొద్దే తెలుసు అబ్బయ్యా. కూజాకి మూత లేదు. ఆ బళ్ళో మూత పెట్టనోడివి నువ్వొక్కడివే" అన్నారు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఆయన నిన్ను ఇంటికి పంపేవాడు. నాకు పోయింది పదవే గదా, నీకైతే కూడే పోయేది." గ్లాసు నా చేతికిచ్చి నవ్వారు. "నాతో చెప్పి ఏం లాభం? నాకు తెలిసిందే. తెలీనోళ్ళు నలభై మంది ఉండారు. పో, వాళ్ళకి చెప్పు."

సరేనన్నాను. కానీ అప్పటికే వాళ్ళు బడి వదిలి ఎటెటో వెళ్ళిపోయారు. వెతకడానికి నాకు ధైర్యమూ లేకపోయింది. ఈ ఏడాది మొదట్లో సుగుణమ్మగారు పోయారు. నేను ఇప్పటికీ బడిలోనే, సైన్సు గది చూసుకుంటూ ఉన్నాను. నా గదిలో ఏ ప్రయోగం తప్పినా, తప్పినట్టే పుస్తకంలో రాయమంటాను. ఎవరు ముట్టుకున్నారని అడిగేముందు, నేను ముట్టుకుంటే నా పేరు నేనే చెబుతాను. ఆవిడ దగ్గర నేర్చుకున్నది అదొక్కటే, అదీ చాలా ఆలస్యంగా.

ఆనాడు ఆ గదిలో కూర్చున్నవాళ్ళు ఎవరైనా దీన్ని చదువుతుంటే, మీకే ఈ మాట. నీళ్ళు పోసింది నేను. మీ టీచరు మీకు అబద్ధం చూపించలేదు.