రొయ్యల చెరువులో పడ్డ ఊరు

"మేడమ్ గారూ, మా ఊరిని రొయ్యల చెరువులో పడేశారేంటండీ?"

ఒక ఆదివారం పొద్దున్నే ఫోనులో నాకు దక్కిన పలకరింపు ఇది. మాట్లాడింది దివిసీమలో సముద్రం వైపున్న ఒక చిన్న పేటలో ఆశా వర్కరుగా పనిచేసే అమ్మాయి. అంతకు రెండేళ్ల ముందు అవనిగడ్డలో మేము పెట్టిన తరగతికి వచ్చి, ఫోనులో మ్యాపు గీయడం నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకోలేదు. టీకాలకని తిరుగుతూనే తన పేటలోని ప్రతి సందూ, చర్చీ, మంచినీళ్ల ట్యాంకూ అన్నీ గీసి, మధ్యలో ఒక చుక్క పెట్టి ఊరి పేరు రాసింది. ఆ పేట పేరు ఒక మ్యాపులో కనిపించడం అదే మొదలని మాకు మిఠాయి కూడా పంచింది.

మేము అంటే, ఎవరైనా గీయగలిగే, ఎవరైనా వాడుకోగలిగే ఉచిత మ్యాపు కోసం సెలవు రోజుల్లో పనిచేసే పదిమందిమి. నేను బందరులో ఒక ఇంజనీరు గారి ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. వారమంతా గీసింది చాలక ఆదివారం కూడా గీతలేనా అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. వాళ్లు విసుక్కుంటున్నంతసేపూ నేను గీస్తూనే ఉంటాను.

ఆ ఏడాది ప్రభుత్వం జిల్లాలోని ఊళ్ల జాబితాను, ఏది ఎక్కడుందో అంకెలతో సహా, అందరూ వాడుకోవచ్చని బయటపెట్టింది. దాన్ని మా మ్యాపులోకి ఎక్కించే పని నేనే మీద వేసుకున్నాను. మాకొక నియమం ఉంది. ప్రభుత్వం ఇచ్చిన చుక్క ఒకచోట, మనవాళ్లు పెట్టింది ఇంకోచోట ఉంటే, దేన్నీ ముట్టుకోకుండా ముందు ఆ ఊరి మనిషిని అడగాలి. గుడివాడ వైపు బుద్ధిగా అలాగే చేశాను. గుడ్లవల్లేరు దగ్గర ఒక పేట కోసం ముగ్గురికి ఫోన్లు చేసి, ముగ్గురి చేతా చీవాట్లు తిన్నాను. చల్లపల్లి దాటి దివిసీమలోకి వచ్చేసరికి నా ఓపిక కాస్తా అయిపోయింది.

అప్పుడే ఆ పేట పేరుతో రెండు చుక్కలు కనిపించాయి, రెండు కిలోమీటర్ల ఎడంలో. ముద్ర వేసిన కాగితాన్నే నమ్మడం అలవాటైన బుర్ర కదా, ప్రభుత్వం చుక్కను ఉంచి అమ్మాయి చుక్కను తీసేశాను. ఆమె గీసిన సందులన్నీ పేరు లేకుండా మిగిలిపోయాయి.

"నా చెల్లెలు పురిటికి వచ్చిందండీ," అంది ఫోనులో. "ఇంకో పది రోజుల్లో డెలివరీ. కారు మాట్లాడుకున్నాం. నిన్న డ్రైవరు దారి చూసుకుందామని మీ మ్యాపు పెట్టుకుని బయల్దేరి, చెరువు గట్టు మీద నుంచి ఫోను చేశాడు. రేపు నొప్పులొచ్చినప్పుడూ అక్కడికే వెళ్తే ఏం చెయ్యమంటారు?"

ఇంట్లో కూర్చుని సరిచేస్తే రెండు నిమిషాల పని. కానీ చూడకుండా తీసేసినదాన్ని మళ్లీ చూడకుండానే పెట్టడానికి సిగ్గేసింది. చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సెక్కాను. అక్కడ ఆటో మాట్లాడుకుని, కావాలనే నేను ఉంచిన చుక్క దగ్గరికి పోనివ్వమన్నాను.

చుట్టూ చెరువులు. గట్టు మీద కాపలాదారు మమ్మల్ని చూసి లేచాడు.

"మీరూ ఆ పేటకేనా అండీ? మొన్న గ్యాసు బండి, నిన్న కారు. ఇక్కడో టీ కొట్టు పెట్టుకున్నా బాగుండేది."

అతను చెప్పిన దారినే వెళ్లాం. పేటలో అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో సందు సందూ తిప్పి, ప్రతి మలుపులోనూ "ఇది ఉందా అండీ మీ మ్యాపులో?" అని అడిగింది. నాలుగు తిట్లు తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేది. చివరికి చర్చి పక్కన నిలబడి, తన ఫోనులో తనే చుక్క పెట్టి పేరు రాసింది.

"ఇప్పుడా చెరువులోది తీసెయ్యండి," అంది.

వాళ్లింటి అరుగు మీద కూర్చుని తీసెయ్యబోయాను. పక్కనే రొయ్యలు ఒలుస్తున్న వాళ్ల మామ్మ తలెత్తింది.

"ఏ చెరువమ్మా?"

మనవరాలు చెప్పింది.

"దాన్ని తియ్యకండి," అంది మామ్మ. "అది తప్పు కాదు. ఉప్పెన రాకముందు మేం ఉన్నది అక్కడే. మిగిలినవాళ్లం ఈ మెరక మీదకొచ్చి, దీనికీ ఆ పేరే పెట్టుకున్నాం. మా అమ్మా, నా పెద్దకూతురూ అక్కడే పోయారు."

మనుషులు కదిలినా ప్రభుత్వం రికార్డులో ఊరు కదలలేదన్న మాట. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు చుక్కలూ నిజమే, ఒక్క ఫోను చేసి ఇంట్లో పెద్దవాళ్లని అడగమని ఉంటే తెలిసేది. ఆ పాత చోటు ఫలానా దగ్గరని అమ్మాయికీ అప్పటిదాకా తెలియదట.

'ఇప్పుడు జనం లేని ఊరు' అని గుర్తు పెట్టే వీలు మా మ్యాపులో ఉంది. చెరువులోని చుక్కకు ఆ గుర్తు పెట్టి, పేరుకు ముందు 'పాత' అని చేర్చాం. మామ్మ చూపించమంది. రొయ్యల తడి వేలితో ముట్టుకోగానే మ్యాపు ఎగిరి బంగాళాఖాతం మధ్యలోకి వెళ్లింది. ముగ్గురం నవ్వుకున్నాం.

పన్నెండో రోజు మళ్లీ ఫోను.

"కారు ఎవర్నీ అడక్కుండా మా వాకిట్లోకే వచ్చిందండీ. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం."

ఆసుపత్రి నుంచి ఇంటికి చేరారా అని అడిగాను.

"చేరాం కానీ ఆలస్యమైందండీ. మామ్మ ముందు సీట్లో కూర్చుని, డ్రైవరు చేత ఫోనులో పాత ఊరి పేరు కొట్టించింది. తిన్నగా అక్కడికే తీసుకెళ్లాడు. పిల్లని ఎత్తుకుని దిగి, ఆ నీళ్లకేసి చూపిస్తూ నిలబడిపోయింది."

"ఎంతసేపున్నారు?"

"పిల్ల ఏడ్చేదాకా అండీ."