బొమ్మ లేని చోట

దయ్యాల ముచ్చట మొదలైతే లేచి చాయ్‌కి పోయే రకం నేను. ఇప్పటికీ అంతే. కానీ ఈ ఒక్కటి మాత్రం నా చెవులతో విన్నది.

అశోక్‌నగర్‌ల మాది నలుగురం పనిచేసే చిన్న ఆఫీసు. చేతిల పట్టే పరికరాలకు సాఫ్ట్‌వేర్ రాస్తం. పక్షవాతంతో మాట పోయినవాళ్ల కోసం ఒకటి చేసినం. తెరమీద ఇరవైనాలుగు బొమ్మలుంటయి. బొమ్మ తాకితే ఆ మాట పలుకుతది: నీళ్లు, నొప్పి, అన్నం. గొంతు నాదే. దానికి నెట్ లేదు, మైకు లేదు. మా కేబుల్ పెడితే తప్ప కొత్త మాట లోపలికి పోదు.

మొదటిది చిక్కడపల్లిల యాదగిరి గారికి ఇచ్చినం. రిటైరైన బస్సు డ్రైవర్. ఆయన భార్య అనసూయమ్మ గారే అన్నీ చూసుకుంటరు.

మూడో వారం ఒక పొద్దున ఆమె ఫోన్ చేసిన్రు. మిషన్ తనను 'అనూ' అని పిలుస్తుందంట. 'అన్నం' అట్ల వినబడ్డదేమో అనుకున్న. అయినా పోయిన.

పదకొండు అయితుంది. కిటికీలోంచి మంచం మీద ఎండ పడుతుంది. ఆమె వంటింట్ల నుంచి చేతులు తుడుచుకుంట వచ్చిన్రు. అప్పుడే యాదగిరి గారు నా ముందే తెర అడుగున, ఏ బొమ్మా లేని చోట వేలు పెట్టిన్రు.

"అనూ, జర ఇట్ల కూర్చో."

నా గొంతే. కానీ ఆ మాట నేను ఎన్నడూ రికార్డు చెయ్యలే.

ఆమె పోయి మంచం అంచున కూర్చున్నరు. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నరు. ఆ పేరుతో ఆయనొక్కరే పిలిచేటోళ్లని, అదీ ఎవరూ లేనప్పుడేనని, మాట పోయినకాడ్నించి ఈ మిషన్ పలికేదాక మళ్లీ వినలేదని ఆమె తర్వాత మెల్లగ చెప్పిన్రు.

మిషన్ ఆఫీసుకు తెచ్చిన. లోపల ఇరవైనాలుగు ఆడియో ఫైళ్లే ఉన్నయి. అన్నీ విన్న. ఆ టైముకు ఖాళీ చోట తాకినట్టు మాత్రం నమోదై ఉంది, అంతే. మెమరీ గడబిడై మాటల ముక్కలు కలిసినయేమో అన్నడు మా సీనియర్ నరేందర్ అన్న. కానీ 'కూర్చో'ల ఉన్న 'ర్చో' అన్న చప్పుడు మా మాటలల్ల ఎక్కడా లేదు. అది చెప్తే అన్న ఆ ఫైళ్లన్నీ తనే మళ్లీ విన్నడు.

వారం రోజులు ఆ ఖాళీ చోట తాకి చూసిన. ఏం పలకలే.

రూలు ప్రకారం అంతా చెరిపి కొత్తగ ఎక్కించాలె. చెయ్యి రాలే. ఉన్నది ఉన్నట్టే తీస్కపోయి ఇచ్చిన. ఎందుకు పలికిందో తెల్వదని, మళ్లీ పలుకుతదని మాట ఇయ్యలేనని ఆమెతోని అన్న. ఆ పిలుపు ఎట్ల వచ్చిందో ఇప్పటికీ తెల్వదు.

"పిలవకున్నా ఏం కాదు బిడ్డా," అన్నరామె. "ఇన్ని నెలలు ఆయన చుట్టూ తిరిగిన గని, పక్కన కూర్చోలే. ఇప్పుడు రోజూ కూర్చుంటున్న."