చీర మడతల్లోకి పంపిన బొమ్మలు

మొన్న మా అల్లుడు విశాఖపట్నం నుంచి బయల్దేరే విహార నౌకకు మా ఇద్దరికీ టిక్కెట్లు తీస్తానని సరదాపడి, ఫోనులో దాని ప్రకటన చూపించాడు. ఈతకొలనూ పాటకచేరీ భోజనాల హాలూ అన్నీ అయ్యాక, ఒక గదిలో పెద్దవాళ్లు వరసగా కూర్చుని రంగులు వేస్తుంటే, మెడకు రుమాలు కట్టుకున్న కుర్రాడొకడు వెనక నుంచి వంగి చూస్తూ కనిపించాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. నీళ్ల మీద నాకు పడదులే బాబూ అని తప్పించుకున్నాను గానీ, వయసులో కొన్నేళ్లపాటు ఆ కుర్రాడు చేసే పనే నేనూ చేశానని మా ఆవిడకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

మాది బరంపురంలో పట్టుచీరల కొట్టు. చిన్నప్పుడు గళ్ల కాగితం మీద గుడి గోపురాల్లాంటి కుంభం అంచులు గీసి నేతవాళ్లకు ఇచ్చేవాణ్ణి కాబట్టి, నా గీత ఎలా ఉంటుందో నాన్నకు నా దస్తూరీ కన్నా బాగా తెలుసు. కొట్లో కూర్చోను, బొమ్మలే వేస్తానని మొండికేసి నేను బొంబాయి వెళ్లిపోతే, పెదనాన్న ఊరందరి ముందూ ఆయన్ని దులిపేశాడట. నాన్న నోట్లో కిళ్లీ నములుతూ, వాడి చేతిలో విద్య ఉందన్నయ్యా అని మాత్రం అన్నాడట. బొంబాయిలో సినిమా బోర్డులకు రంగులు వేసి వేసి, ఎవరి పుణ్యానో ఒక విదేశీ ఓడలో ప్రయాణికులకు బొమ్మలు నేర్పే ఉద్యోగం సంపాదించాను.

నేర్పడమంటే ఏముంది లెండి! వచ్చేవాళ్లంతా ఉద్యోగాలు మానేసి కాలక్షేపానికి ఓడెక్కిన ముసలి దొరలూ దొరసానులూ. వయసుకు చేతులు వణికేవి, అది చాలదన్నట్టు ఓడ ఊగేది, సూర్యుడు ఎప్పుడూ పనసకాయ ఆకారంలోనే అస్తమించేవాడు. నేను ఆహా ఓహో అంటూ, వాళ్లు చూడకుండా నాలుగు చోట్ల కుంచె ఆనించి ఒడ్డున పడేసేవాణ్ణి. రేవు రాగానే ఆ బొమ్మలు అక్కడే వదిలేసి దిగిపోయేవాళ్లు. మంచి దళసరి కాగితం, పారెయ్యడానికి మనసొప్పక, పట్టుచీరల మడతల్లో అట్టల బదులు పెట్టుకోవడానికి పనికొస్తాయి కదా అని కట్ట కట్టి నాన్నకు పంపేవాణ్ణి. ఎందుకు పంపుతున్నానో ఒక్క ముక్క రాయలేదు. వ్యాపారస్తుడు, చూడగానే తెలుసుకోడూ అనుకున్నాను. నా బుద్ధి అంత మాత్రంగా ఉండేది.

సెలవు మీద ఇంటికొచ్చి రిక్షా దిగేసరికి, గుమ్మంలో నాన్న బోడిగుండుతో నిలబడి ఉన్నాడు. ఎవరు పోయారో, నాకెందుకు తెలియజేయలేదో అడిగేలోపే, లోపల నుంచి అమ్మ నుదుట రూపాయికాసంత బొట్టుతో నవ్వుతూ వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను గానీ, నాన్న బాగా చిక్కిపోయాడు, ఎప్పుడూ ఎర్రగా ఉండే పెదాలు పాలిపోయి ఉన్నాయి.

సంచీ లోపల పెట్టి కొట్లోకి వెళితే, గోడల నిండా జలతారు రంగు చట్రాలు కట్టించిన ఆ దొరల సూర్యాస్తమయాలు! ప్రతి బొమ్మ మూలా నా పేరు నాన్న దస్తూరీతో. చీర బేరమాడుతున్న ఒడియా ఆసామి ఒకాయన నన్ను చూసి మర్యాదకు బఢియా, బఢియా అంటూ బాగున్నాయన్నట్టు తల ఊపాడు. భూమి చీలితే బావుండుననిపించింది. ఇంత వంకర బొమ్మలు నావని ఊరంతా అనుకుంటోందే అని, సిగ్గు కూడా ముందు నా గొప్ప కోసమే పడ్డాను, చూశారా!

అసలు సంగతి వంటింట్లో అమ్మ చెప్పింది. "మీ నాన్న ఆ బొమ్మలు సూసి అన్నం మానేసినారురా. అక్కడక్కడ గీత గుంటడిదే, మిగతాదంతా సెయ్యి ఒణుకుతోంది, ఏటి రోగమో ఏటో, మనతో సెప్పట్లేదు అని ఒకటే బెంగ. తారాతరిణి తల్లికి మొక్కుకుని కిళ్లీ ఒగ్గేసినారు, గుండు సేయించుకున్నారు." పెదనాన్న వెక్కిరించినప్పుడు మాత్రం నాన్న, ఫారిన్‌లో ఇప్పుడు ఇలాగే వేస్తారని దబాయించాడట. దబాయించి, చట్రాలు కట్టించాడట.

అవి నావి కావు నాన్నా అని ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు, నా బెంగ తీర్చడానికి అలా అంటున్నావులేరా అన్నాడు. చివరికి చీరలోని అట్ట ఒకటి లాగి, పెన్సిలు తీసుకుని కుంభం అంచు గీయబోయాను. సిగ్గుతో మొదటి గీత నిజంగానే వంకర పోయింది. నాన్న ముఖం చూడలేకపోయాను. ఊపిరి బిగబట్టి మళ్లీ మొదలుపెడితే, చిన్నప్పటి అలవాటు చేతిలోకి వచ్చి, కుంభం మీద కుంభం తిన్నగా లేచింది. ఆయన గీతను చూడలేదు, నా చేతినే చూస్తున్నాడు. ఆ చెయ్యి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాక, కోపం ఏమీ లేకుండా, తెలియక అడిగినట్టు అడిగాడు:

"మరి ఇన్నాళ్లూ నీ బొమ్మ ఒక్కటీ పంపలేదేట్రా?"

గీస్తే కదా పంపడానికి! బొమ్మలే నా బతుకని ఆయన్ని నలుగురిలో మాట పడనిచ్చి వెళ్లినవాణ్ణి, ఆ ఓడ మీద ఇతరుల సూర్యుళ్లను దిద్దడం తప్ప నాదంటూ ఒక్కటి వేయలేదు. బేరానికి విప్పిన చీరలు మడత పెట్టసాగాను. నాన్న రెండోసారి అడగలేదు.

ఇప్పుడు మా మనవలు గీసినవి గీసినట్టే క్షణంలో నా ఫోనుకు వచ్చి పడతాయి, నేనూ బొటనవేలి బొమ్మ ఒకటి నొక్కి పక్కన పెడతాను. బొమ్మ పంపలేదన్న బాధ ఈ రోజుల్లో ఎవరికీ లేదు. కానీ వచ్చిన బొమ్మలో గీత కాస్త వణికితే, వేసినవాడికి ఒంట్లో ఎలా ఉందోనని అన్నం మానేసేవాళ్లు ఎవరున్నారు? నాకే అంత తీరిక లేదు.